చెడ్డ కబురు పైకొచ్చే దారి

మెషిన్ షాపులో షిఫ్ట్ మారే వేళ ఓ పావుగంట నిలబడి చూస్తే ఆ కంపెనీ ఎలా నడుస్తోందో చాలావరకు తెలిసిపోతుంది. ఆర్డర్ బుక్కు, బ్యాలెన్స్ షీటు తర్వాత చూసుకోవచ్చు. వెళ్లేవాడు వచ్చేవాడికి ఏం చెబుతున్నాడు, ఎంతసేపు చెబుతున్నాడు, చెప్పేముందు చుట్టూ ఓసారి చూసుకుంటున్నాడా? నేను గమనించేవి ఈ మూడే.

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న, మధ్యతరహా యూనిట్లలో ప్రొడక్షన్ చూసుకుంటూనే నా ఉద్యోగ జీవితం గడిచింది. పంపులకు షాఫ్టులు, వాల్వులకు బాడీలు, ఫార్మా యంత్రాలకు విడిభాగాలు తయారుచేసే షాపులవి. ప్రతి మెషిన్ పక్కనా ఓ లాగ్‌బుక్కు ఉంటుంది. ఎన్ని పీసులు తీశారు, ఎన్ని రిజెక్టయ్యాయి, మెషిన్ ఎంతసేపు ఆగింది, అన్నిటికీ గళ్లుంటాయి. చివర్లో ‘రిమార్క్స్’ గడి. ఏ పేజీ తిప్పినా అందులో ‘ఓకే’ అనే కనిపిస్తుంది.

ఆ ‘ఓకే’ రాసిన ఆపరేటరే నల్లా దగ్గర చేతులు కడుక్కుంటూ తర్వాతి షిఫ్ట్ అతనితో అనే మాట వేరు. “అన్నా, మొదటి అరగంట సైజు నమ్మకు. మెషిన్ వేడెక్కేదాకా డయా నిలవట్లేదు. నాలుగైదు పీసులకోసారి మైక్రోమీటర్ పెట్టి చూస్కో. స్పిండిల్ చప్పుడు కూడా మారింది. మెయింటెనెన్స్ వాళ్లకు చెబితే ముందు టార్గెట్ తియ్యమన్నారు.”

కంపెనీకి నిజంగా కావలసిన సమాచారం ఆ నాలుగు ముక్కల్లోనే ఉంది. అది విన్నవాడు మంచి పీసులు తీస్తాడు. వినకపోతే టిఫిన్ వేళకే స్క్రాప్ డబ్బా నిండుతుంది. అయినా ఆ మాట పుస్తకంలోకి ఎక్కదు. ఎక్కితే రిజెక్షన్ తన లెక్కలో పడుతుంది, మెయింటెనెన్స్ అతనికి అక్షింతలు పడతాయి, సూపర్‌వైజర్ పిలిచి ‘ఇవన్నీ ఎందుకు రాశావ్’ అంటాడు. ఇన్ని తలనొప్పుల కంటే ‘ఓకే’ సుఖం.

ప్రతి సంస్థలోనూ కాగితం మీద ఒక వ్యవస్థ ఉంటుంది. పదవులు, ఫారాలు, టార్గెట్లు, సంతకాలు అందులోకి వస్తాయి. మనుషుల మధ్య ఇంకొకటి ఉంటుంది. ఎవరితో ఏం మాట్లాడొచ్చు, ఏం మాట్లాడితే ఏమవుతుంది అన్నది అక్కడ ఎవరూ నేర్పకుండానే అందరికీ తెలిసిపోతుంది. పని దెబ్బతిన్నప్పుడు కొందరు యజమానులు కొత్త ఫారాలు అచ్చు వేయిస్తారు. ఇంకొందరు హోటల్లో మీటింగ్ పెట్టి ఉత్సాహపరిచే ఉపన్యాసాలు ఇప్పిస్తారు. నేను చూసినంతలో రెండు వ్యవస్థలూ ఒకేచోట కలుస్తాయి: చెడ్డ కబురు తెచ్చినవాడికి ఆ తర్వాత ఏమవుతుంది? సంస్థ పనితీరు చాలావరకు దీని మీదే నిలబడుతుందని నా నమ్మకం.

ఈ సంగతి పరిశోధకుల కళ్లబడి తొంభై ఏళ్లు దాటింది. చికాగో పక్కన సిసెరోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి హాథార్న్ అనే పెద్ద కర్మాగారం ఉండేది. 1931 నవంబరు నుంచి 1932 మే దాకా అక్కడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీ పరికరాలకు వైరింగ్ చేసే 14 మందిని ఒక గదిలో కూర్చోబెట్టి గమనించారు. బృందం ఎంత ఎక్కువ పని తీస్తే అందరికీ అంత ఎక్కువ కూలి గిట్టే పద్ధతి అది. కాగితం లెక్కన ఉత్పత్తి పెరుగుతూ పోవాలి. పెరగలేదు. మనిషికి రోజుకు రెండు సెట్లన్నది వాళ్లలో వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. అంతకు మించి ఉరికేవాడి భుజం మీద ఓ గుద్దు పడేది. మరీ వెనకబడ్డవాడికి దెప్పుళ్లు. పైవాళ్లకు చేరవేసేవాడికి గదిలో స్థానం లేదు. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ పని జరిగినా లెక్క మాత్రం రోజూ దాదాపు ఒకేలా చెప్పేవారు. దాని వెనక భయం ఉంది. ఎక్కువ చేసి చూపిస్తే పీస్ రేటు కోస్తారని, మనుషుల్ని తీసేస్తారని. మహామాంద్యం రోజులవి. ఆ మనుషులు సోమరులు కారు. తాము చెప్పే నిజం తమకే చేటు చేస్తుందని నమ్మినవాళ్లు.

అదే నమ్మకాన్ని తిరగరాసిన కథ కూడా అమెరికాలోనే జరిగింది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక కార్ల ప్లాంటు ఉండేది. గైర్హాజరు ఇరవై శాతం దాకా పోయేది. మేనేజ్‌మెంట్‌కు, యూనియన్‌కు ఉప్పూనిప్పూ. లైన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆగకూడదు. తప్పు బిగించిన కారైనా ముందుకు పోవలసిందే, తర్వాత యార్డులో బాగుచేసుకుంటారు. 1982లో ఆ ప్లాంటు మూతపడింది. 1984లో టయోటాతో కలిసి ‘నుమ్మి’ అనే పేరుతో మళ్లీ తెరిచారు. యూనియన్ అదే. తీసుకున్న కార్మికుల్లో అత్యధికులు పాత ప్లాంటు వాళ్లే.

వాళ్లలో కొందరిని జట్లు జట్లుగా జపాన్ పంపి టయోటా ప్లాంటులో పని చేయించారు. తిరిగొచ్చాక ప్రతివాడి తలపైనా ఒక తాడు వేలాడింది. తేడా కనబడితే లాగాలి. లాగగానే టీమ్ లీడర్ పరుగున వచ్చి సాయం పడతాడు. కారు ఆ స్థానం దాటేలోపు పని చక్కబడకపోతే లైన్ ఆగుతుంది. లాగినందుకు శిక్ష లేదు, లాగకపోవడమే తప్పు. పాత ప్లాంటులో పదుల కొద్దీ ఉన్న ఉద్యోగ వర్గీకరణలను కుదించి ఉత్పత్తి పనికంతా ఒకే వర్గం చేశారు. రెండేళ్లు తిరిగేసరికి గైర్హాజరు రెండు మూడు శాతానికి పడిపోయింది. కార్ల నాణ్యత జపాన్‌లోని ప్లాంటుకు సాటి వచ్చింది.

దీన్ని స్వేచ్ఛ ఇచ్చిన కథగా చెప్పుకుంటే సగమే చెప్పినట్టు. నుమ్మిలో నియమాలు చాలా గట్టివి. ఏ బోల్టు ఏ వరసలో, ఎన్ని సెకన్లలో బిగించాలో అంతా రాసి ఉండేది. అయితే స్టాప్‌వాచ్ పట్టుకుని ఆ పద్ధతి రాసుకున్నది పని చేసేవాళ్లే. మెరుగైన దారి దొరికితే మార్చుకునేదీ వాళ్లే. దశాబ్దం చివర్లో అమ్మకాలు తగ్గినప్పుడు కూడా ఎవర్నీ ఇంటికి పంపలేదు, ఖాళీ సమయంలో శిక్షణ ఇచ్చారు. మాట నిలబెట్టుకున్న ఆ ఒక్క పనితో తాడు మీద కార్మికుడికి నమ్మకం గట్టిపడింది. టయోటా తరఫున అక్కడ పనిచేసిన జాన్ షూక్ తర్వాత రాసింది కూడా ఇదే: ముందు మనుషుల ఆలోచన మార్చాలని కూర్చోకండి, చేసే పని మార్చండి, ఆలోచన వెనకే వస్తుంది.

జనరల్ మోటార్స్ ఆ పద్ధతిని తన మిగతా ప్లాంట్లకు తీసుకెళ్లాలని చూసింది. అదే రాష్ట్రంలోని వాన్ నైస్ ప్లాంటులో పప్పులుడకలేదు. లైన్ ఆపే వీలు కల్పించారు గానీ, ఆపితే పైవాళ్లకు గిట్టేది కాదని అక్కడ పనిచేసినవాళ్లు చెప్పారు. ఎన్ని కార్లు బయటికి పోయాయన్నదే ఇంకా అక్కడి కొలబద్ద. 1992లో ఆ ప్లాంటు మూతపడింది. తాడును నకలు తీయడం తేలికే. లాగినవాడికి దక్కే జవాబును తీయలేకపోయారు.

మన హైదరాబాద్‌కు ఈ పాఠం ఇంకా చేదుగా తెలుసు. 2008లో ఇక్కడి ఐటీ సంస్థ సత్యం కంప్యూటర్స్‌కు కాగితం మీద ఏ లోటూ లేదు. పేరున్న స్వతంత్ర డైరెక్టర్లు, అంతర్జాతీయ ఆడిట్ సంస్థ, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టింగ్, ఆ ఏడే కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు తానే లేఖ రాసి ఒప్పుకునేదాకా బ్యాంకు నిల్వల్లో వేల కోట్లు లేనే లేవన్న నిజం ఆ ఏర్పాట్లన్నీ దాటి బయటికి రాలేదు. సంతకాలు పడుతూనే ఉన్నాయి. మా లాగ్‌బుక్కులోని ‘ఓకే’కూ ఆ సంతకాలకూ పరిమాణంలో తేడా ఉంది గానీ జబ్బు ఒకటే. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా చేతికి వెళ్లేదాకా, రేపేమవుతుందో తెలియని ఆ నెలల్లో, క్లయింట్ల పనిని నిలబెట్టింది వేలాది మామూలు ఉద్యోగులు. ఆ సంస్థలో మనుషుల మధ్య నిజాయితీగల అల్లిక ఉండింది. దానికి పైదాకా దారి లేకపోయింది.

నా మటుకు నేను చేసింది చిన్న పని. ఒక యూనిట్‌లో షిఫ్టుల మధ్య పది నిమిషాలు కలిసి ఉండేలా వేళలు జరపమని, ఆ పది నిమిషాలకూ జీతం కట్టమని యజమానిని ఒప్పించాను. అప్పగింత నల్లా దగ్గర నుంచి మెషిన్ దగ్గరికి వచ్చింది. ఆఖరి పీసును ఇద్దరూ కలిసి కొలవాలి. ‘రిమార్క్స్’ గడి తీసేసి ‘వచ్చేవాళ్లు దేన్ని కనిపెట్టుకుని ఉండాలి?’ అని అచ్చు వేయించాం. అందులో రాసినదానికి మెయింటెనెన్స్ ఆ షిఫ్ట్ ముగిసేలోపు జవాబు రాయాలి. రాసినందుకు ఎవరి ఇన్సెంటివూ తగ్గదు. కొన్నాళ్లు ఎవరూ కదల్లేదు. తర్వాత ఓ పెద్దాయన స్పిండిల్ చప్పుడు గురించి రాశాడు. అదే షిఫ్టులో విప్పి చూస్తే బేరింగ్ పోయింది. మార్చారు. షాపంతా అది చూసింది. ఆ తర్వాత పేజీలు నిండడం మొదలైంది.

చాలాకాలానికి ఒక కొత్త మేనేజర్ వచ్చి, ఆ రాతల్ని నెలవారీ మీటింగులో పేర్లతో సహా చదివి నిలదీశాడు. మర్నాటి నుంచే మళ్లీ ‘ఓకే’. యజమాని స్వయంగా షాపులోకి దిగి, ఇక అలా జరగదని అందరి ముందూ మాటిచ్చాకే కలాలు కదిలాయి.

ఇంకో మాట. మనుషుల మధ్య మాట కదా అని అంతా నల్లా దగ్గరి ముచ్చట్లకే వదిలేయడమూ అన్యాయమే. ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లకు ఆ తెలుగు ముచ్చట్లు అందవు. కొత్తగా చేరిన ఆడపిల్ల ఆ గుంపులో నిలబడలేదు. యజమాని మేనల్లుడి మాటకున్న బరువు కాంట్రాక్టు కార్మికుడి మాటకు ఉండదు. మనవాడు, పరాయివాడు అన్న తేడాలు పుట్టేదీ, పెరిగేదీ అక్కడే. నోరులేనివాళ్ల మాటకు రక్ష రాతలో ఉన్న నియమమే. అందుకే ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోమంటే నేను ఒప్పుకోను. నిజం చెప్పే అలవాటు మనుషులది. ఆ అలవాటుకు కాపలా కాయాల్సింది కంపెనీ నియమం.

యూనిట్ నడిపేవాళ్లకు నా విన్నపం ఇది. కొత్త సాఫ్ట్‌వేర్ కొనేముందు, గోడకు నినాదాలు రాయించేముందు, గత నెలలో మీ దగ్గరికి చెడ్డ కబురు తెచ్చింది ఎవరో గుర్తుచేసుకోండి. వాళ్లకు ఏం జవాబిచ్చారో, ఎప్పటిలోగా ఇచ్చారో చూసుకోండి. ఎవరూ రాలేదంటే అంతా సవ్యంగా ఉందని అనుకోవద్దు. షిఫ్టుల మధ్య జీతంతో కూడిన పది నిమిషాలు ఇచ్చి మొదలుపెట్టండి. మొదటి ఫిర్యాదు రాసినవాడి మెషిన్‌ను ఆ రోజే బాగుచేయించండి.