ఉండమన్న ఊరు, మావాడన్న ఊరు

కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రను వదిలిన కాలువ సుమారు 300 కిలోమీటర్లు ప్రయాణించి కడప చేరుతుంది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దాన్ని తవ్వించడం మొదలుపెట్టింది. 1882లో ప్రభుత్వం కొనేసింది. రెండు ఊళ్ళ పేర్లూ కలిపి కె.సి. కెనాల్ అన్నారు. ఒకే కాలువకు ఎగువ కొస ఒక ఊరు, దిగువ కొస ఇంకో ఊరు. రెండూ కరువులు చూసినవే, నిజాం ఇంగ్లీషువాళ్ళకు వదిలేసిన దత్తమండలాల చరిత్ర మోసినవే. అయినా పొట్టచేత పట్టుకునో ఉద్యోగం మీదో వచ్చిన పరాయి మనిషిని కలుపుకునే తీరులో మాత్రం ఎవరి దారి వాళ్ళదే. ఆ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూడటమే ఈ వ్యాసం పని.

చూడవలసిన అవసరం కూడా ఉంది. పాతికేళ్ళుగా తెలుగు సినిమా ఈ రాయలసీమ నేలను కత్తులతో, బాంబులతో, వరస కట్టిన సుమోలతో చూపించింది. ‘ఒక్కడు’ (2003) వచ్చాక కొండారెడ్డి బురుజు అంటే చాలామందికి మొదట ఒక ఫైటే గుర్తుకొస్తుంది. బదిలీ మీద కర్నూలుకో కడపకో పోవాల్సివస్తే ఇంటిల్లిపాదీ బెంగపడటం కోస్తాలో మామూలైపోయింది. అలా బెంగపడుతూ వచ్చినవాళ్ళు పదేళ్ళ తర్వాత ఊరు వదలలేక ఇక్కడే ఇల్లు కట్టుకున్న సంగతి ఏ సినిమాకూ కథ కాలేదు. ముఠాకక్షలు లేవని నేననను. అవి కొన్ని ఊళ్ళను ఎంత కాల్చాయో సీమ కథకులే రాశారు. కానీ సామాన్యుల మంచితనం కూడా అంతే నిజమైన చరిత్ర. దానికి దక్కాల్సిన పరిశీలన ఇంకా దక్కలేదు.

ముందు కడప. కలకత్తాలో 1798లో పుట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820 ఆగస్టులో కలెక్టరుకు సహాయకుడిగా కడపలో దిగాడు. అప్పటికి అతనికి తెలుగు అంతంతమాత్రం. రెండేళ్ళకు మచిలీపట్నం, ఆ తర్వాత రాజమహేంద్రవరం తిరిగి 1826లో మళ్ళీ కడపకు వచ్చాడు. పదిహేను ఎకరాల తోటతో ఒక బంగళా కొన్నాడు. ఊరి జనం ఆ బంగళాను బ్రౌన్ కాలేజీ అన్నారు. అక్కడ పండితులు తాళపత్రాలు ముందు పెట్టుకుని పాఠాలు సరిచూశారు, లేఖకులు ప్రతులు రాశారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి అక్కడి వ్యవహారాలు చూశాడు. మనుచరిత్ర, వసుచరిత్రలకు వ్యాఖ్యలు రాసిన జూలూరి అప్పయ్య ఆ కొలువులోని వాడే. 1852లో వెలువడిన నిఘంటువు వెనుక, మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరిన వేలాది ప్రతుల వెనుక ఈ మనుషుల చేతిరాతలున్నాయి.

ఈ కథను మనం ఎప్పుడూ ఒక వైపు నుంచే చెప్పుకుంటాం: దొర తెలుగును ప్రేమించాడు, జీతం డబ్బులు చాలక అప్పులు చేసి మరీ పుస్తకాలు బాగుచేయించాడు. ఇదంతా నిజమే. రెండో వైపు నుంచి చూస్తే ఇంకో నిజం కనిపిస్తుంది. ఇంట్లో కొయ్యపెట్టెల్లో దాచుకున్న తాళపత్రాన్ని, తాత చేతిరాతను, పన్నులు వసూలుచేసే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి అడిగితే నమ్మి ఇచ్చినవాళ్ళున్నారు. సంధి ఎక్కడ విడదీయాలో, యతి ఎక్కడ పడుతుందో తెలియని కుర్రవాడికి అడిగినన్నిసార్లు విసుక్కోకుండా చెప్పినవాళ్ళున్నారు. తెలుగు బ్రౌన్‌కు ఎంత రుణపడిందో లెక్కగట్టాం. బ్రౌన్ కడప జనానికి ఎంత రుణపడ్డాడో ఎవరూ లెక్కగట్టలేదు.

కడప పద్ధతి పరాయివాణ్ణి బంధువును చేసుకోవడం. ఉగాదినాడు దేవుని కడపకు వెళ్తే ఇది కళ్ళకు కడుతుంది. లక్ష్మీ వేంకటేశ్వరుడి గుడి ముందు వరసలో ముస్లిం కుటుంబాలు టెంకాయలు, పూలు పట్టుకుని నిలబడి ఉంటాయి. స్వామిని పెళ్ళాడిన బీబీ నాంచారి తమ ఆడబిడ్డ కాబట్టి స్వామి తమ ఇంటి అల్లుడని వాళ్ళ నమ్మకం. పెద్ద దర్గాలో ఉరుసు జరిగితే ఊళ్ళో హిందువుల ఇళ్ళూ సందడిగా ఉంటాయి. దేవుణ్ణే వరస కలిపి పిలిచిన ఊరికి దొర ఒక లెక్కా? కవి పుట్టపర్తి నారాయణాచార్యులు పుట్టింది అనంతపురం జిల్లా చియ్యేడులో, 1990లో కన్నుమూసింది కడపలో. బ్రౌన్ బంగళా నిలిచిన చోట గ్రంథాలయం రావాలని ఊరూరా తిరిగి చందాలు పోగుచేసిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి రాయదుర్గంలో పుట్టినవాడు. ఈ ముగ్గురినీ కడప ‘మావాడు’ అనే అంటుంది. వాళ్ళు బయటివాళ్ళన్న సంగతి ఊరు ఎప్పుడో మరిచిపోయింది.

ఇక కర్నూలు. ఇక్కడ అతిథి ఒక మనిషి కాదు, ఒక ప్రభుత్వం. కోస్తా, సీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధానో హైకోర్టో కోరుకునే హక్కు సీమకు దక్కింది. 1953 అక్టోబరు 1న మద్రాసు నుంచి విడివడి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు పోయింది. మద్రాసులో కుదురుగా బతుకుతున్న గుమాస్తాలు, టైపిస్టులు, బంట్రోతులు పెట్టేబేడా సర్దుకుని పిల్లాపాపలతో తుంగభద్ర ఒడ్డుకు వచ్చారు. ఆఫీసులకు భవనాలు చాలవు, మనుషులకు ఇళ్ళు చాలవు. డేరాలు వేశారు. ఉద్యోగుల కోసం లేచిన ఆవాసాలకు అక్షరాలే పేర్లయ్యాయి: ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలింది. మూడేళ్ళ కాపురం ముగిసింది. క్యాంపులు మాత్రం ఇప్పటికీ ఆ పేర్లతోనే ఉన్నాయి.

ఒక చిన్న జిల్లా కేంద్రం మీదికి రాత్రికి రాత్రే రాష్ట్రమంత జనం వచ్చిపడితే ఊరికి ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అద్దెలు పెరుగుతాయి, బావుల మీద వరసలు పెరుగుతాయి, సంతలో ధరలు పెరుగుతాయి. పైగా వచ్చినవాళ్ళు ఉండేవాళ్ళో పోయేవాళ్ళో ఎవరికీ తెలియదు. అయినా ముందు గదులు ఖాళీచేసి వెనక వసారాల్లో సర్దుకున్న కుటుంబాల సంగతి ఊళ్ళో పెద్దలు చెబుతారు. కర్నూలు పద్ధతి ఇదే: వరస కలపదు, చోటిస్తుంది. నువ్వెవరని అడగడానికి ముందే ఉండమంటుంది.

ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. సి క్యాంపు ప్రాంతంలో ఎండాకాలంలో అద్దెకు దిగిన ఒక కుటుంబం సంగతి నాకు తెలుసు. కొళాయి ఏ వేళకు వస్తుందో వాళ్ళకు తెలియదు. మొదటిరోజు తెల్లవారి తలుపు తీస్తే గడప పక్కన రెండు బిందెలు, మూతికి పళ్ళేలు బోర్లించి ఉన్నాయి. ఎదురింటావిడ వాకిట్లో ముగ్గు వేస్తూ, తలెత్తకుండానే అంది: “నీళ్ళు నాలుగు గంటలకే వొచ్చి పోయినాయమ్మా. మీ వొంతు పట్టి పెట్టినా.” పేరు అడగలేదు, కులం అడగలేదు, ఎన్నాళ్ళుంటారని అడగలేదు. నీళ్ళు రోజూ రాని వీధిలో రెండు బిందెలంటే ఆ పూట వంట, స్నానం.

అదే కడపలో అయితే ముందు ప్రశ్నలొస్తాయి. ఒంటరిగా గదిలో దిగిన కుర్ర ఉద్యోగిని పక్కింటి పెద్దావిడ నిలబెట్టి అడుగుతుంది: “యా ఊరు నాయనా మీది? అమ్మా నాయనా యాడుండారు? పెండ్లయిందా?” బయటివాళ్ళకు ఇది ఆరాలాగా అనిపిస్తుంది. ఆదివారం వస్తే తెలుస్తుంది అసలు సంగతి. “ఒంటిగా ఏం తింటావు? రా, సంగటి తిందువు” అని పిలుపొస్తుంది. ఆ ప్రశ్నలన్నీ ఆ ముద్ద పెట్టడానికే. ఊరూ పేరూ తెలిసినవాడు ఇక అతిథి కాడు, ఇంటి పిల్లాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వస్తుంది కూడా. బ్రౌన్ పండితులకు జీతాలిచ్చాడు, క్యాంపుల జనం ఇళ్ళవాళ్ళకు అద్దెలు కట్టారు. డబ్బు పుచ్చుకుని చేసినదాన్ని మంచితనమని ఎలా అంటాం? న్యాయమైన ప్రశ్నే. అంగట్లో తూకం తూచి ఇచ్చేది అసలు, ఆపైన చేత్తో వేసేది కొసరు. జీతం పాఠం చెప్పడానికే, మూడోసారి అడిగినా మొదటిసారి అడిగినట్టే చెప్పడానికి కాదు. అద్దె గదికే, గడప పక్కన పెట్టిన బిందెలకు కాదు. ఈ కొసరుకు రసీదు ఉండదు, అందుకే చరిత్రకు ఎక్కదు. ఏడాదికి 600-700 మిల్లీమీటర్ల వాన కోసం మబ్బుల వైపు చూసే నేల మీద కొసరు వేయడం కాలువల కింద మూడు పంటలు పండే చోట వేసినంత సులువు కాదు. సీమ మంచితనాన్ని తూచేటప్పుడు ఈ తేడా మరిచిపోకూడదు.

రెండు పద్ధతులకూ లోపాలున్నాయి. బంధువును చేసుకునే కడప, ఆ బంధువును ఎత్తుకుని తన పిల్లలను మరిచిపోతుంది. బ్రౌన్ పేరు గ్రంథాలయానికి ఉంది. అది ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నడుస్తోంది. కానీ ఆయన దగ్గర ప్రతులు రాసిన లేఖకుల పేర్లు ఊళ్ళో ఎంతమందికి తెలుసు? పైగా వరస కలిపే పద్ధతిలో వరస కలవనివాడికి చోటు ఆలస్యంగా దొరుకుతుంది. కర్నూలుకు ఆ చిక్కు లేదు. దాని చిక్కు వేరు. అందరికీ చోటిచ్చి ఎవరినీ గుర్తుపెట్టుకోదు, ఎవరి గుర్తులోనూ ఉండదు. ఆ మూడేళ్ళ గురించి తెలుగునాట ప్రచారంలో ఉన్నవి ఎండ, దుమ్ము, డేరాల ఇక్కట్లే. ఇక్కట్లు పడ్డవాళ్ళ మాట మిగిలింది, చోటిచ్చినవాళ్ళ మాట మిగల్లేదు. ఒక బ్రౌన్‌ను కడప దాచుకున్నట్టు, ఒక్క గుమాస్తా కుటుంబం కథనైనా కర్నూలు దాచుకోలేదు.

ఏది గొప్ప అని అడిగితే తప్పించుకోను. ఉంటాడని తెలిసినవాడికి పెట్టడం కన్నా, ఉంటాడో పోతాడో తెలియనివాడికి పెట్టడం కష్టం. ఆ విషయంలో కర్నూలుదే పైచేయి. రాజధాని వెళ్ళిపోయిందని అలిగి ఆ ఊరు తలుపులు మూసుకోలేదు. మరుసటి ఏడాది, 1957లో, అక్కడ వైద్య కళాశాల వచ్చింది. అప్పటినుంచి గద్వాల, రాయచూరు, బళ్ళారి వైపు రోగులు కూడా కర్నూలు పెద్దాసుపత్రికి వస్తుంటారు. ఆసుపత్రి బయట వార్డు దారి చూపించేవాళ్ళు, రాత్రి కాపలా ఉన్న బంధువుకు దుప్పటి ఇచ్చేవాళ్ళు ఊరి మనుషులే. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కలిసి పాతబస్తీని ముంచినప్పుడు ఆ ఊరే చేయి చాచాల్సి వచ్చింది. పక్క ఊళ్ళ నుంచి, పక్క జిల్లాల నుంచి అన్నం పొట్లాలు వచ్చాయి. ఎవరు వండారో, ఎవరు తెచ్చారో తిన్నవాళ్ళకు తెలియలేదు. ఊరు తాను పెట్టిన తీరులోనే తనకూ దొరికింది.

అయితే జ్ఞాపకం విషయంలో కడపే గురువు. మంచితనం గుర్తుపెట్టుకుంటేనే అలవాటుగా మిగులుతుంది, లేకపోతే ఒక తరంతో పోతుంది. కాబట్టి ఒక ఊరి పనిని ఇంకో ఊరు నేర్చుకోవాలి. కర్నూలులో 1953-56 నాటి పిల్లలు ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉన్న పెద్దలు. వాళ్ళ ఇళ్ళలో ఎవరు అద్దెకున్నారో, ఏ బావిలో నీళ్ళు పంచుకున్నారో కళాశాల విద్యార్థులు వెళ్ళి అడిగి రికార్డు చేయాలి. ఇంకా పదేళ్ళు ఆగితే అడగడానికి మనుషులుండరు. కడపలో బ్రౌన్ గ్రంథాలయం గోడ మీద, లోపలికి అడుగుపెట్టేవాళ్ళకు కనిపించేలా, ఆయన దగ్గర పనిచేసిన పండితుల పేర్లు, లేఖకుల పేర్లు దొరికినన్ని చెక్కించాలి. పరాయి మనిషికి ఊరు చేసిన మేలును ఊరే రాసుకోవాలి. వచ్చినవాళ్ళు రాస్తారని ఎదురుచూస్తే వాళ్ళు తమ కష్టాలే రాసుకుంటారు, ఆ పక్కనే ఎవరో పెట్టిన బువ్వ సంగతి రాయడం మరిచిపోతారు.