ఎవరి దగ్గరికి ఎవరు రావాలి?

ఏటా జనవరి 18 నుంచి 25 వరకు క్రైస్తవ సంఘాలు ఐక్యత కోసం ప్రార్థిస్తాయి. 1908లో అమెరికాలోని గ్రేమూర్‌లో ఈ వారానికి శ్రీకారం చుట్టిన పాల్ వాట్సన్ అప్పటికి ఆంగ్లికన్ గురువు. అందరూ రోముతో ఏకం కావాలన్నదే ఆయన ప్రార్థన. మరుసటి ఏడాది ఆయనే కతోలిక సంఘంలో చేరిపోయారు. మిగతావాళ్లకు మాత్రం ఆ ప్రార్థనకు ఆమేన్ అనడానికి మనసు రాలేదు. మమ్మల్ని ఫలానావాళ్లలో కలిపెయ్యి ప్రభూ అని ఎవరు అడుగుతారు?

ఆ ముడి విప్పింది ఫ్రాన్సులోని లియోన్‌కు చెందిన కతోలిక గురువు పాల్ కుటూరియే. క్రీస్తు కోరుకున్న ఐక్యతను, ఆయన కోరుకున్న దారిలోనే ఇమ్మని అడుగుదామని 1930లలో ఆయన చెప్పారు. అలా అడిగేవాడు తన సంఘం మారాల్సి వచ్చినా సరేనని ఒప్పుకున్నట్టే. నాకు ఆ ప్రార్థన ఇప్పటికీ కష్టమే, అందుకే ఇష్టం.

ఐక్యతా కూడికల్లో వాళ్ల కళ్లు తెరువు ప్రభూ అన్న మాట పెదవుల దాకా వస్తుంది. దాన్ని ఆపుకోవడమే ఇందులో మొదటి సాధన. పక్కవాళ్ల పద్ధతిలో ఓపిగ్గా కూర్చోవడం రెండోది. పెంతెకొస్తువాళ్లు అందరూ ఒక్కసారిగా గొంతెత్తుతారు, లూథరన్లకు ఆరాధన క్రమం ఉండాలి. పరలోక ప్రార్థనలో కతోలికులు ఆగిన చోట మిగతావాళ్లు ఆగరు, రాజ్యం, శక్తి, మహిమ అంటూ ముందుకు సాగుతారు. ఆ తడబాటు నాకు ఎబ్బెట్టుగా అనిపించదు. విడిపోయినవాళ్లం ఒకే తండ్రిని పిలుస్తున్నామని అక్కడ చెవులకు తెలుస్తుంది.

మన నేలకు ఈ ఆరాటం కొత్త కాదు. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య, మరికొందరు సంఘ నాయకులు 1919లో తరంగంబాడిలో కూడారు. ఈ చీలికలు మనం తెచ్చుకున్నవి కావు, బయటినుంచి వచ్చిపడ్డవని ప్రకటించారు. కలవడానికి సాగిన చర్చల్లో బిషప్పులు ఉండాలా, వేరే సంఘంలో అభిషేకం పొందిన కాపరికి మళ్లీ అభిషేకం చేయాలా అన్న ప్రశ్నల మీదే ఏళ్లకు ఏళ్లు గడిచాయి. మళ్లీ చేయనక్కర్లేదు, ఇకపై అభిషేకాలు మాత్రం బిషప్పుల చేతుల మీదుగా జరగాలి అని చివరికి తేల్చారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దాన్ని అజరయ్య చూడలేదు, 1945 జనవరి 1నే కన్నుమూశారు. నంద్యాల ప్రాంతంలో చాలామంది ఆంగ్లికన్లు అప్పట్లో కలవలేదు. తెలుగు బాప్తిస్టులు, లూథరన్లు ఈనాటికీ వేరుగానే ఉన్నారు. వాళ్లను తప్పుపట్టను. తొందరపెట్టి కలిపితే పేరు కలుస్తుంది, మనుషులు కలవరు.

ఒక బాధ మాత్రం తీరడం లేదు. కతోలికులు, మిగతా సంఘాలవాళ్లు పక్కపక్కన మోకరిస్తాం గానీ ప్రభువు బల్ల దగ్గర విడిపోతాం. అది మామూలేలే అని సర్దుకుపోకూడదు, నొప్పి పోతే అడగడం కూడా మానేస్తాం.

ఈ ఏడాది మా సంఘంలో ఒక మనవి పెట్టాను. జనవరి దాటాక కూడా ప్రతి ఆదివారం మా వీధి చివరి సంఘం కోసం, ఆ కాపరి కోసం పేరుపెట్టి ప్రార్థిద్దామని. వాళ్ల గుడి కప్పు వానకు కారుతోంది, ముందు దాని సంగతి అడుగుదాం.