పెంట గుమ్మం బాగుచేసిన అధిపతి

నెహెమ్యా గ్రంథం మీద మన సంఘాల్లో ప్రసంగాలకు కొదవలేదు. మొదటి అధ్యాయంలోని కన్నీటి ప్రార్థన, నాలుగో అధ్యాయంలో ఒక చేత పని, ఒక చేత ఆయుధం అందరికీ తెలిసినవే. మధ్యలో ఉన్న మూడో అధ్యాయాన్ని మాత్రం పేర్ల పట్టిక అనుకుని పేజీ తిప్పేస్తాం. నాయకత్వం గురించి బైబిల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఆ పట్టికే.

క్రీ.పూ. 445 ప్రాంతంలో కూలిపోయి ఉన్న యెరూషలేము గోడ 52 రోజుల్లో లేచింది. ఎవరు ఎంత మేర కట్టారో ఈ అధ్యాయం గొర్రెల గుమ్మం దగ్గర మొదలుపెట్టి, పట్టణమంతా చుట్టి మళ్లీ అక్కడికే వచ్చేదాకా చెబుతుంది. ఒకరి వంతు ఆగినచోట పక్కవారి వంతు మొదలవుతుంది. ప్రధాన యాజకుడు ఎల్యాషీబు పేరుతోనే పట్టిక ఆరంభం. కంసాలులు, పరిమళ ద్రవ్యాలు చేసేవాళ్లు, వర్తకులు, తాపీ పని తమ వృత్తి కానివాళ్లు ఎందరో అందులో ఉన్నారు. షల్లూము కుమార్తెలు కూడా తండ్రితో కలిసి కట్టారు. వాళ్లను రాయకపోయినా ఆ రోజుల్లో ఎవరూ అడిగి ఉండరు. అయినా రాశారు.

మల్కీయా బేత్‌హక్కెరెము ప్రాంతానికి అధిపతి. ఆయన వంతుకు వచ్చింది పెంట గుమ్మం. దాన్ని కట్టి, తలుపులు నిలిపి, గడియలు, అడ్డగడలు బిగించాడు. మత్స్యపు గుమ్మం కట్టినవారి పనిని ఎంత వివరంగా రాశారో, ఈయన పనినీ అంత వివరంగానే రాశారు. ఆ సమానత్వం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. మన సంఘాల వార్షిక నివేదికల్లో ప్రసంగీకుల పేర్ల పక్కన, చాపలు పరిచి ఊడ్చేవారి పేర్లకూ అంత చోటు ఉండాలి.

తెకోవ ఊరి ప్రముఖులు పనికి మెడ వంచలేదు. పట్టిక ఆ సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు సాగిపోతుంది. కొంత దూరం పోయాక అదే ఊరివాళ్లు ఇంకో భాగం కూడా కట్టినట్టు కనిపిస్తారు. పెద్దలు రాలేదని వాళ్లు ఆగలేదు.

చాలామంది కట్టింది తమ ఇంటి ఎదుటి గోడనే. తన పిల్లలు నిద్రపోయే ఇంటి ముందు గోడను ఎవరూ పలచగా కట్టరు కదా! రాత్రి కుటుంబ ప్రార్థన, పక్కింట్లో ఒంటరిగా ఉన్న ముసలమ్మ మందులు, వీధి చివర బడి మానేసిన కుర్రాడు: విశ్వాసికి తన వంతు గోడ అక్కడే ఉంది. దానికి సంఘంలో పదవి అక్కర్లేదు.

ఈ పట్టికలో నెహెమ్యా అనే పేరు ఒకటుంది. కానీ అతను అజ్బూకు కొడుకు, వేరే మనిషి. అధికారి నెహెమ్యా పేరిట ఒక్క మూర గోడ కూడా లేదు. పని చేయక కాదు, తానూ ఆ గోడ పనిలోనే ఉన్నానని ఐదో అధ్యాయంలో అంటాడు. 12 ఏళ్లు అధికారిగా ఉండి కూడా, అధికారికి రావలసిన భోజన భత్యాన్ని తీసుకోలేదనీ చెబుతాడు. జనం మీద అప్పటికే బరువు ఎక్కువగా ఉందన్నది ఆయన చెప్పిన కారణం.