మడ్డినీటి అందం

అంటార్కిటికా సముద్రగర్భం ఫొటోలంటే అందరూ తేటనీటి ఫొటోలనే మెచ్చుకుంటారు. కనుచూపుమేర స్పాంజీలు, పగడాలు, నక్షత్రచేపలు. బాగానే ఉంటాయి, కానీ చూపు ఏ ఒక్కచోటా నిలవదు. నన్ను కట్టిపడేసినవి పాటర్ కోవ్‌లో డైవర్లు తీసిన ఫొటోలు. బూడిదరంగు నీరు, కాస్త దూరం పోతే అంతా మసక, ఆ మసకలోంచి కాడల మీద లేచి నిలబడ్డ జీవాలు. ఏది చూపాలో ఏది దాచాలో అక్కడ మడ్డే నిర్ణయిస్తుంది. దాని అభిరుచి గొప్పది.

కింగ్ జార్జ్ దీవి అంచున ఉన్న చిన్న అఖాతం పాటర్ కోవ్. ఒడ్డున అర్జెంటీనా వాళ్ళ కార్లీనీ పరిశోధన కేంద్రం, తలాపున ఫోర్కేడ్ హిమానీనదం. వేసవిలో ఆ మంచు కరిగి, తాను అరగదీసిన రాతిపిండిని మోసుకొచ్చి అఖాతంలో కలుపుతుంది. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు రేవులో రెండో మెట్టు కనబడదు చూడండి, ఇక్కడా అదే తంతు. తేలికైన మంచినీరు ఉప్పునీటి మీద పరుచుకుంటుంది, మోసుకొచ్చిన మడ్డి మెల్లగా అడుగుకు రాలుతుంది. కదలలేని జీవాలు, నీటిని వడకట్టుకుని బతికే జీవాలు ఆ రాలే మడ్డి కింద కాపురం ఉంటాయి.

1990లలో ఈ అడుగును ఏలినవి ఎసిడియన్లు. ఒళ్ళంతా ఒక తిత్తి, దానికి రెండు మూతులు. ఒక మూతితో నీరు పీల్చి, లోపలి జిగురువలలో తిండిని ఆపుకుని, రెండో మూతితో నీటిని బయటికి తోస్తాయి. పిల్లదశలో తోకాడిస్తూ ఈదుతాయి. ఆ తోకలో పృష్ఠవంశం కూడా ఉంటుంది, అంటే వెన్నెముక ఉన్న మనకు దూరపు దాయాదులన్నమాట. ఒకచోట అతుక్కున్నాక ఇక కదలిక ఉండదు. వీటిలో మోల్గులా పెడంకులాటా అనే జాతి తిత్తిని పొడవాటి కాడ మీద ఎత్తి పట్టుకుంటుంది. అడుగున పేరుకునే బురదకు అందకుండా పైకి ఎత్తి ఉంచడమే ఆ కాడ పని. అవసరం ఇంత సొగసుగా రూపం కట్టడం నేను మరెక్కడా చూడలేదు. ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యం ఈ కాడలో సాకారమైంది.

దగ్గరగా చూడాల్సింది మాత్రం లాటర్నులా ఎలిప్టికా అనే ఆల్చిప్పను. బురద మీద పైకి కనబడేవి పక్కపక్కనే రెండు కన్నాలు, అంతే. వాటి కింద లావుపాటి గొట్టం, దాని అడుగున, ఒక్కోసారి అరమీటరు లోతున, అసలు ప్రాణి. గుల్ల ఎంత పలచనంటే వేళ్ళతో గట్టిగా నొక్కితే చిట్లేలా ఉంటుంది. గొట్టమేమో ఆ గుల్లలో పూర్తిగా ఇమడదు. కవచం లేని ఆ మాంసపు గొట్టానికి బురదే కవచం. మంచుగడ్డ అడుగును గీసుకుంటూ వచ్చినప్పుడు గొట్టం చటుక్కున లోపలికి ముడుచుకుంటుంది. అన్నిసార్లూ తప్పించుకోలేదనుకోండి. ఈ జాతి గుల్లల మీద, విరిగిన చోట మళ్ళీ పూడ్చుకున్న మచ్చలు కనబడతాయి. ముప్పై ఏళ్ళకు పైగా బతికే ప్రాణి, ఆ పలచని గుల్ల మీద తన చరిత్ర రాసుకుంటుంది. వయసు మళ్ళినది ఒకసారి పెకలి పైకి వస్తే మళ్ళీ లోతుగా దిగలేదు. అప్పుడు ఎర్రటి ఒడొంటాస్టర్ నక్షత్రచేపలు, రెండు మీటర్ల దాకా సాగే పార్బోర్లేసియా పురుగులు దాని చుట్టూ మూగుతాయి. ఆ దృశ్యం బీభత్సమే, కాదనను. ఆ బీభత్సం లేకపోతే ఆ రెండు కన్నాల ప్రశాంతత ఇంతగా రక్తి కట్టదు.

1994, 1998, 2010 సంవత్సరాల్లో పరిశోధకులు ఈ అడుగును ఫొటోలు తీసి పోల్చి చూశారు. హిమానీనదం వెనక్కి తగ్గి మడ్డి పెరిగేకొద్దీ ఎసిడియన్లు పలచబడ్డాయి. మడ్డి మరీ ఎక్కువైతే వడకట్టే వల పూడిపోతుంది, ఒళ్ళు బిగించి నీటిని చిమ్మి దాన్ని కక్కెయ్యాలి, ఆ శ్రమకు బోలెడు శక్తి ఖర్చు. వాటి చోటుకు మలాకోబెలెమ్నాన్ డేటోని అనే సీ పెన్ వచ్చింది. 2009లో గానీ శాస్త్రం దీనికి పేరు పెట్టలేదు. జానెడు కూడా ఉండని సన్నని నిలువు కాడ, దాని పొడవునా ఎనిమిదేసి రేకుల నోళ్ళు. కింది కొస బురదలో దిగబడి ఉంటుంది. ప్రయోగశాలలో మడ్డి కలిపిన నీటిలో పెట్టినా దాని ఊపిరి లయ చెదరలేదు. ఎసిడియన్‌కు బరువైన బురదే దీనికి పునాది. సముద్రపు నాచు తునకలు, అడుగునుంచి లేచిన నలుసులు దీనికి తిండి.

ఇక్కడ కరుణరసం ఒలికించడం తేలిక. ఎసిడియన్ల తోట పోయినందుకు నాకూ బాధే, ఆ తోటలో వైవిధ్యం ఎక్కువ. అయినా సీ పెన్‌ను ఆక్రమణదారు అనడం నాకు రుచించదు, నాలుగు గీతల్లో తేల్చిన ఆ రూపాన్ని తక్కువగా చూడటమూ రుచించదు. పైగా హిమానీనదం తప్పుకున్నాక బయటపడ్డ ఒక చిన్న రాతిదీవి అంచుల మీద, మడ్డి నిలవని గట్టి నేల దొరగ్గానే, ఎసిడియన్లు మళ్ళీ గుంపులుగా కుదురుకున్నాయి. అంత మంచు పక్కన, అంత తొందరగా అంత నిండైన సమాజం ఏర్పడుతుందని ఎవరూ అనుకోలేదు.

తేటనీటి స్పాంజీ తోటలది అలంకారశోభ. పాటర్ కోవ్‌లో ప్రతి కాడకూ, ప్రతి కన్నానికీ ఒక కారణం ఉంది. రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నా ఓటు మడ్డినీటికే.