పడిపోతే చూసిందెవరు?

మా తమ్ముడికి ఫిట్స్ మొదలైన కొత్తలో శ్రీకాకుళం నుంచి విశాఖకు తీసుకెళ్లేవాళ్లం. వాడు పడిపోయినప్పుడు పక్కనున్నది అమ్మ. వాడికి ఏమీ గుర్తుండేది కాదు. మొదట చూపించిన చోట పేషెంటుతో ఒక్కరినే లోపలికి పంపేవారు. చదువుకున్నవాణ్నని నేను వెళ్లేవాణ్ని, అమ్మ బయట బెంచీ మీద కూర్చునేది. డాక్టరు స్కాన్ ఫిల్ము, ఈఈజీ కాగితం చూసి అంతా నార్మల్ అన్నారు. ఫిట్స్ లేని వేళ తీసిన ఈఈజీ బాగుందంటే జబ్బు లేదని కాదు. ఆ మాట మాకు తర్వాత ఇంకొకాయన చెప్పారు.

ఆయన ఫిల్ము కవరు పక్కన పెట్టి, "పడిపోతే చూసిందెవరు?" అని అడిగారు. అమ్మను పిలిపించారు. తల ఎటు తిరిగింది? నాలుక కొరుక్కున్నాడా? తెలివొచ్చాక ఎంతసేపటికి గుర్తుపట్టాడు? "కుడి సెయ్యే ముందు ఎగిరింది బాబూ, మూతి అటేపే లాగేసింది" అని అమ్మ చేసి చూపించింది. మెదడులో ఎడమవైపు మొదలవుతోందని ఆయన గ్రహించింది అక్కడే. చూసినవాళ్లు రాలేకపోతే ఫోనులో వీడియో తీసి తెమ్మన్నారు.

మంచి న్యూరాలజిస్టు మన ఊరు కూడా అడగాలి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు అంటే ఆయన కలం ఆగాలి. ఆ ఊళ్లున్న ఉద్దానంలో ఎందరికో కిడ్నీలు పాడవడానికి కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. తలనొప్పికి మింగే నొప్పి బిళ్లలు ఆ కిడ్నీలకు చేటు. ఫిట్స్‌కి రాసే లెవెటిరసెటమ్, తిమ్మిర్లకు రాసే గబాపెంటిన్ మూత్రంలోనే బయటకు పోవాలి. పోకపోతే ఒంట్లో పేరుకుని మనిషి మత్తుగా తూలిపోతాడు. క్రియాటినిన్ చూసి డోసు తగ్గించాలి. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, మంచిదే. కానీ తలనొప్పితో వచ్చినవాడు నేరుగా అక్కడికి వెళ్లడు కదా.

పని సంగతీ అంతే. ఫిట్స్ ఉన్న మనిషి కొబ్బరిచెట్టు ఎక్కుతాడో, వేటకు సముద్రం మీదికి పోతాడో, చెన్నైలో కట్టడం పనికి వలసపోతాడో స్కాన్ చెప్పదు. అలా వలసపోయే ఒకతనికి ఆ డాక్టరే మందు పేరు విడిగా పెద్దక్షరాలతో రాసిచ్చారు. బిళ్లలు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఇంకా గట్టిగా తిరగబడతాయని అతని భార్యకూ విడమరిచి చెప్పారు. మా వంతు ఆలస్యమైంది. బయట ఎవరూ విసుక్కోలేదు.