వెల, విలువ: వీడియో గేముల ధరలపై ఒక పరిశీలన

మంచి గేముకు ధర తగ్గదని, నాసిరకం గేముకే తగ్గుతుందని ఆటగాళ్లలో ఒక అభిప్రాయం బలంగా ఉంది. వెలను విలువకు కొలమానంగా తీసుకునే ఈ వాదన, రెండు గేములను పక్కపక్కన పెట్టి చూస్తే నిలవదు. 2015 మేలో వచ్చిన ‘ది విచర్ 3’, 2017 మార్చిలో వచ్చిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ రెండూ అమెరికాలో సుమారు 60 డాలర్లకే విడుదలయ్యాయి. ‘ది గేమ్ అవార్డ్స్’లో ఆయా సంవత్సరాల ఉత్తమ గేము పురస్కారం రెండింటికీ దక్కింది. అయినా మొదటిది స్టీమ్‌లో 80 శాతం రాయితీకి పలుమార్లు దొరికింది. రెండవదానికి అడపాదడపా రాయితీలు వచ్చినా అసలు ధర ఏళ్ల తరబడి మారలేదు. కనుక భేదం గేముల నాణ్యతలో లేదు. రేపటి ధర గురించి అమ్మకందారు కలిగించే నమ్మకంలో ఉంది.

మన్నికైన వస్తువులపై గుత్తాధిపత్యాన్ని గురించి ఆర్థికశాస్త్రవేత్త రోనాల్డ్ కోస్ 1972లో రాసిన వ్యాసం ఇక్కడ ఉపకరిస్తుంది. గుత్తదారుకు బయటి పోటీ లేకపోయినా, రేపు తాను తగ్గించబోయే ధరే నేటి ధరకు పోటీ అవుతుంది. తగ్గుతుందని తెలిసినవాడు ఆగుతాడు. కోస్ ఉదాహరణ భూమి. గేము విషయంలో విడుదలైన వారమే ఆడాలన్న ఆతురత అందుకు తోడవుతుంది. ఆతురపడేవారి వద్ద పూర్తి ధర, ఓపికపట్టేవారి వద్ద తరువాత తక్కువ ధర వసూలు చేయవచ్చు. మరో డిజిటల్ ప్రతి తయారీకి అయ్యే ఖర్చు నామమాత్రం కాబట్టి పది డాలర్ల అమ్మకమూ లాభసాటే.

నింటెండో ఈ దారి పట్టలేదు. కన్సోలూ గేమూ దానివే. స్విచ్‌ను కొత్తగా కొన్న ప్రతివారికీ ‘మారియో కార్ట్ 8 డీలక్స్’ కొత్త గేమే. అయితే ఇది ఆ సంస్థ మార్చుకోలేని స్వభావమేమీ కాదు. వీ కాలంలో ‘నింటెండో సెలెక్ట్స్’ పేరిట పాత గేములను 20 డాలర్లకు అమ్మినది అదే సంస్థ. స్విచ్‌కు అటువంటి శ్రేణిని తీసుకురాలేదు. చిన్న సంస్థ అయిన వూబే మరింత నిష్కర్షగా వ్యవహరించింది. ‘ఫ్యాక్టోరియో’కు రాయితీ ఉండదని బహిరంగంగా ప్రకటించి, ద్రవ్యోల్బణం కారణంగా 2023 జనవరిలో ధరను 30 నుంచి 35 డాలర్లకు పెంచింది. ముందుగా కొన్నవారు మోసపోలేదు. ఈ పద్ధతిలోని న్యాయాన్ని అంగీకరించక తప్పదు.

నింటెండో విషయంలో అంత సులువుగా అంగీకరించలేము. కార్ట్రిడ్జ్ కొన్నవారు ఆడిన తరువాత తిరిగి అమ్ముకోవచ్చు. కొత్తదాని ధర పడిపోకపోతే పాతదానికీ గిరాకీ ఉంటుంది. ఆ లెక్కన వారికి 60 డాలర్లలో కొంత అద్దె వంటిది. అదే గేమును డిజిటల్‌గా కొన్నవారు అంతే చెల్లించినా తిరిగి అమ్ముకోలేరు. స్థిరమైన ధర అందరికీ సమానమన్న వాదనలో ఈ తేడా కనబడకుండా పోతోంది.

ఇక 1996, 2002, 2007 నాటి మూడు గేములను ‘సూపర్ మారియో 3డి ఆల్-స్టార్స్’గా 2020 సెప్టెంబరులో 60 డాలర్లకు విడుదల చేసి, 2021 మార్చి 31తో అమ్మకం ఆపివేయడాన్ని స్థిరత్వం అనలేము. ధర తగ్గదన్న నమ్మకం అక్కడ దొరకదన్న భయంగా మారింది. డిజిటల్ ప్రతులకు కొరత సహజంగా రాదు. దానిని సంస్థే కల్పించింది.