నొప్పి ఒకచోట, ముడి మరోచోట

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, నిర్మల్ వైపు బీడీలు చేసే వాడల్లో మధ్యాహ్నం పూట ఎటు చూసినా వంచిన మెడలే. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఆకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి ముడిచేదాకా చూపు వేళ్ల మీద నుంచి కదలదు. రోజుకు వెయ్యి బీడీలు చేసే ఆడమనిషిని చూస్తే పనంతా వేళ్లదే అనిపిస్తుంది. ఆ చేతులను, వంగిన తలను గంటల తరబడి మోసేవి మాత్రం మెడ, భుజాల కండరాలు. పొద్దుగూకేసరికి అవి బిగుసుకుపోతాయి. "నరం వట్టింది, జెర తోమరాదే" అని అక్క చెల్లెను పిలుస్తుంది, అత్త కోడలిని పిలుస్తుంది.

సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) దగ్గర నిలబడే కార్మికుడికి పిక్కలు, నడుము. గోదావరిఖని, మందమర్రి బొగ్గు బావుల్లో తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తిన పాతతరం వాళ్లకు భుజాలు, వీపు. పనిని బట్టి నొప్పి చోటు మారుతుంది. ఇంట్లో దొరికే మొదటి ఊరట మాత్రం నూనె, చెయ్యి.

ఈ తోముడును నేను చిన్నచూపు చూడలేను. అందులో అసలైన నేర్పు బలంలో లేదు, వెతకడంలో ఉంది. నొప్పి ఉన్నచోటే కండరం బిగిసిన ముడి ఉండాలని లేదు. మెడకూ భుజానికీ మధ్య, పైన వాలుగా ఉండే కండరంలో ముడి పడితే నొప్పి చెవి వెనక నుంచి కణత దాకా పాకుతుంది. బీడీలు చేసే మనిషి తలనొప్పి గోలీ వేసుకుంటుంది, ముడి అక్కడే ఉంటుంది. రెక్క ఎముక మీది ముడి భుజం ముందువైపు నుంచి చేతిలోకి గుంజుతుంది. పిరుదులోని ముడి కాలి పక్క నుంచి చీలమండ దాకా లాగుతుంది. అమెరికాలో కెన్నెడీకి వెన్నునొప్పి వైద్యం చేసి, 1961లో వైట్‌హౌస్ వైద్యురాలైన జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్‌తో కలిసి 1983లో తెచ్చిన గ్రంథంలో ఇలాంటి నొప్పి దారులను కండరం కండరానికీ బొమ్మలు వేసి చూపించారు. అనుభవం ఉన్న ముసలమ్మ కణత నొప్పి అంటే ముందు భుజం తడుముతుంది. ఆమె చేతికి ఆ దారులు తెలుసు.

ముందు నూనె వెచ్చబెడతారు. మైదానంలో ఎక్కువగా నువ్వుల నూనె, అందులో కాస్త కర్పూరం. ఉట్నూరు, ఆసిఫాబాద్ గోండు గూడేల్లో ఇప్పపరక నుంచి తీసిన నూనె. చలికి అది గడ్డకడుతుంది కాబట్టి వెచ్చబెట్టక తప్పదు. మొదట అరచేతితో, తొందరపడకుండా, కండరం పొడవునా రాయాలి. చర్మం వేడెక్కాక వేలికొసలను కండరానికి అడ్డంగా జరిపితే బిగిసిన తాడులాంటి పోగు తగులుతుంది. దాని మీద ఒకచోట నొక్కగానే మనిషి ఉలిక్కిపడుతుంది, "ఆఁ, అదే" అంటుంది. బొటనవేలు అక్కడ ఆపాలి. రుద్దకూడదు. ఓర్చుకోగలిగినంత బరువు మెల్లగా మోపి, అర నిమిషం నుంచి నిమిషం దాకా ఉంచాలి. ఊపిరి బిగబట్టనివ్వకూడదు. నొప్పి తగ్గుముఖం పట్టి, వేలికింద మెత్తబడ్డాక వదిలి, పోగు వెంట సాగదీస్తూ రాయాలి. ఆ తర్వాత మెడను రెండోవైపు నిదానంగా వంచి, ఉప్పుమూటతో కాపడం పెడతారు, లేదా వాయిలాకు వేసి మరిగించిన నీళ్లు, వేడి ఓర్చుకునేంతగా చల్లారాక, పోస్తారు. తోమేవాళ్లు లేనివాళ్లు పిల్లల రబ్బరు బంతిని గోడకూ వీపుకూ మధ్య పెట్టి ఒరిగినా చాలావరకు ఇదే పని జరుగుతుంది.

ముడి లోపల ఏం జరుగుతుందన్నదానిపై పరిశోధకుల్లో వాదనలు ఇంకా తెగలేదు. కొన్ని పోగులు బిగిసినవి బిగిసినట్టే ఉండిపోయి, అక్కడ రక్తప్రసరణ తగ్గి, చుట్టూ ఉన్న నరాల కొసలు రేగుతాయన్నది ఎక్కువగా వినిపించే వివరణ. మర్దనతో వచ్చే ఊరట కూడా సాధారణంగా కొన్నాళ్లదే. అయినా ఆ కొన్నాళ్లకు విలువ లేదనను. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి నొప్పి గోలీ మింగుతూ ఏళ్లు గడిపితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు ముప్పు. వారానికి రెండుసార్లు తోమించుకుని ఆ గోలీల్లో సగం మానగలిగినా శరీరానికి మేలే.

చేయకూడనివి కచ్చితంగా చెప్పాలి. క్షౌరశాలలో తలకు మాలీష్ చేసి చివర్లో మెడను పటుక్కున తిప్పే అలవాటు ప్రమాదకరం. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం చీలే అవకాశం ఉంది, అది పక్షవాతానికి దారితీయవచ్చు. మెడ ముందువైపు, వెన్నుపూస మీద, మోకాలి వెనక గుంటలో గట్టిగా నొక్కకూడదు. ఒక్క పిక్కే వాచి వేడిగా ఉంటే నూనె గిన్నె పక్కన పెట్టి ఆసుపత్రికి పోవాలి, అది లోపల రక్తం గడ్డకట్టిన గుర్తు కావచ్చు. చెయ్యి తిమ్మిరెక్కి పట్టు తప్పినా, కింద పడ్డాక నొప్పి మొదలైనా, జ్వరం తోడైనా అంతే.

తోమిన మర్నాడు మళ్లీ అదే చాట, అదే వంపు అయితే ముడి తిరిగి వస్తుంది. వీపును గోడకు ఆనించి, చాట కింద దిండు పెట్టి ఎత్తు పెంచితే మెడ వంపు తగ్గుతుంది. ఇరవై ఐదు బీడీల కట్ట కట్టిన ప్రతిసారీ తల ఎత్తి, రెండు భుజాలూ వెనక్కి ఒకసారి తిప్పాలి. దానికి అర నిమిషం కూడా పట్టదు.